బాలమణి ఓటు, యాదగిరి చెయ్యి

2024 వేసవి, లోక్‌సభ ఎన్నికల సమయం. నేను ఉప్పల్‌లో ఒక ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెబుతాను. మా ఉద్యోగంలో పరీక్షల డ్యూటీ ఎంత మామూలో ఎన్నికల డ్యూటీ కూడా అంతే. చాలాసార్లు పోలింగ్ కేంద్రాల్లో కూర్చున్నాను గానీ, ఆ ఏడాది నన్ను హోమ్ ఓటింగ్ బృందంలో వేశారు. బాగా వయసు మళ్లినవాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు ముందుగా దరఖాస్తు చేసుకుంటే, పోలింగ్‌కు కొద్ది రోజుల ముందే మేము ఇంటికి వెళ్లి ఓటు వేయిస్తాం. అక్కడ మెషిన్ ఉండదు, పోస్టల్ బ్యాలెట్ అనే కాగితం ఉంటుంది. నచ్చిన పేరు ఎదురుగా పెన్నుతో టిక్ పెట్టి, మడిచి, కవర్లో పెట్టి అంటించి మాకివ్వాలి.

నాతో ఇంకో టీచర్, ఒక కానిస్టేబుల్, వీడియో తీసే అతను ఉండేవారు. అభ్యర్థుల తరఫున ఏజెంట్లు కూడా వెంట రావచ్చు. అంతా పద్ధతి ప్రకారం జరుగుతోందా లేదా చూసుకోవడం వాళ్ల పని. ఆ రోజు ఇద్దరు వచ్చారు. చలపతిరావు గారు ఎప్పుడో గోదావరి జిల్లా నుంచి వచ్చి చిల్కానగర్‌లో పుస్తకాల దుకాణం పెట్టుకున్న పెద్దమనిషి. శ్రీకాంత్ నాచారంలో బైకుల మెకానిక్ షెడ్డు నడుపుతాడు, ముప్ఫై దాటి ఉంటాయి. ఇద్దరివీ వేరు వేరు పార్టీలు. వ్యాన్ ఎక్కిన దగ్గర్నుంచీ ఒకటే వాదన.

"అందరి ఓట్లు గిట్లనే కాయితం మీద వెయ్యనియ్యాలె. మీట నొక్కినంక లోపల ఏమైతదో ఎవలకెరుక?" అన్నాడు శ్రీకాంత్.

"కాగితాల రోజులు నువ్వు చూడలేదు బాబూ. పది మంది బూత్‌లోకి జొరబడి కట్టలకు కట్టలు గుద్దేసి పోయేవారు. మెషినొచ్చాకే ఆ పీడ వదిలింది. ఇప్పుడు నీ ఓటు ఎవరికి పడిందో చీటీ కూడా కనబడుతోంది కదా."

"కనవడితే అయిపోయిందా? ఆ చీటీలన్ని లెక్కవెడుతున్నరా?"

మేము ఏదో ఒక పక్షం మాట్లాడితే డ్యూటీ చెడుతుంది. కవర్ల సంచి ఒళ్లో పెట్టుకుని నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

నాచారం పారిశ్రామికవాడ వెనక గల్లీలో, మొదటి అంతస్తులో బాలమణి గారి ఇల్లు. ఆమెకు డెబ్బై దాటాయి. షుగర్ వల్ల రెండు కళ్లూ పోయాయి. భర్త యాదగిరి గారు దగ్గర్లోని ఒక ఫ్యాక్టరీలో లేత్ మెషిన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. శ్రీకాంత్ పార్టీకి ఆయన పాత కార్యకర్త. మెడలో కండువాతో ఏదో సభలో దిగిన ఫొటో గోడమీదే ఉంది. కోడలు సంధ్య మాకు మంచినీళ్లు ఇచ్చింది.

చూపులేని ఓటరు తన బదులు టిక్ పెట్టడానికి ఒక మనిషిని ఎంచుకోవచ్చు. మేము వాళ్లను కంపానియన్ అంటాం. ఓటు ఎవరికి పడిందో బయటపెట్టనని ఆ మనిషి డిక్లరేషన్ మీద, అంటే హామీపత్రం మీద సంతకం చేయాలి.

"అమ్మా, మీ తరఫున ఎవరు టిక్ పెడతరు?" అని అడిగాను.

"మా ఇంటాయన."

చలపతిరావు గారు కుర్చీలోంచి లేచారు. "నాకు అభ్యంతరం ఉందండి. ఆయన ఎన్నో ఏళ్లుగా ఆ పార్టీ జెండా మోసిన మనిషి. ఆవిడ ఏం చెప్పినా ఆయన చెయ్యి ఎటు పోతుందో అందరికీ తెలుసు. కోడలుగారు ఉన్నారు కదా, ఆవిడ చేత పెట్టించండి."

"కాక అసొంటోడు అనుకుంటున్నరా మీరు?" అంటూ శ్రీకాంత్ కూడా లేచాడు. గొంతులు పెరిగాయి. గుమ్మం దగ్గరున్న కానిస్టేబుల్ లోపలికి తొంగిచూశాడు. కంపానియన్‌ను ఎంచుకునే హక్కు ఓటరుది, ఏజెంటుది కాదు. ఆ మాటే చెప్పబోతుంటే యాదగిరి గారు అడ్డం వచ్చారు.

"ఆయనన్నదాంట్ల తప్పు లేదు మేడం. నన్ను ఇడిసిపెట్టున్రి. సంధ్యతోని ఏపియ్యున్రి."

బాలమణి గారు ఆయన గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పారు. "ఎందుకు?"

"ఎందుకంటే ఏం జెప్పాలె? గీ ముచ్చట్ల నాకూ నీకూ ఎన్నడన్న కలిసిందా? నేను ఎన్నేండ్లు తిరిగిన గా పార్టీ కోసం. ఇప్పుడు నా చేతితోని..."

"పెద్దాయనా, ఆ మాటలు ఇక్కడ వద్దు," అని ఆపాను. ఎటు వేస్తారన్నది మా ముందు రాకూడదు. ఆయన తల దించుకున్నారు. ఆయన కష్టం నాకు అప్పుడు అర్థమైంది. ఆమె చెప్పినట్టు పెడితే సొంత పార్టీకి తన చేత్తో తాను ఎదురుపోయినట్టు. పెట్టకపోతే ఆమెను మోసం చేసినట్టు. నిజాయితీగా పెట్టినా గల్లీలో నమ్మేవాళ్లు ఉండరు.

ఆమె మాత్రం వదల్లేదు. గొంతు పెంచకుండానే అన్నారు. "కండ్లు పోయినంక గోలీల డబ్బా మీద రాసింది సదివి మింగిపిచ్చేది నువ్వు. రోడ్డు దాటిపిచ్చేది నువ్వు. గవన్ని నేను సూసి నమ్మిన్నా? నువ్వు జెప్పినవ్, నేను నమ్మిన. గిదొక్కటి ఇంకొకరు ఎందుకు జెయ్యాలె?"

ఆయన గోడమీది ఫొటో వైపు చూశారు.

"నీతోని కాదంటే కాదను. నాకు ఓటే వద్దు. మేడం, మీరు పోయిరాన్రి."

కంపానియన్‌గా ఉండమని ఎవరినీ బలవంతపెట్టలేం. ఆమె వద్దంటే, ఓటు వేయలేదని రాసుకుని దిగిపోవడమే. అలా దిగిపోవడానికి నాకు మనసు రాలేదు. "తొందరేం లేదమ్మా, కూర్చుంటం," అన్నాను. సంధ్య అత్తగారి పక్కన నేలమీద కూర్చుంది. ఏజెంట్లిద్దరూ మళ్లీ కుర్చీల్లో కూర్చున్నారు.

కాసేపటికి యాదగిరి గారు లేచి వెనక్కి వెళ్లారు. కుళాయి తిప్పిన చప్పుడైంది. చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ వచ్చి నా ముందు నిలబడ్డారు.

"ఏడ వెట్టాలె మేడం సంతకం?"

ఆయన సంతకం పెట్టాక, ఆమెకు అభ్యర్థుల పేర్లన్నీ వరసగా చదివి వినిపించాను. ఏ పేరు దగ్గరా గొంతు హెచ్చకుండా, తగ్గకుండా చదవడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. చలపతిరావు గారు కళ్లు మూసుకుని నా గొంతునే వింటున్నారు. ఒక్కో పేరుకూ బాలమణి గారు తలాడించారు.

మా దగ్గర ఓటింగ్ కంపార్ట్‌మెంట్ అని, బల్లమీద నిలబెట్టే అట్ట తెర ఉంటుంది. దంపతులిద్దరూ దాని వెనక కూర్చున్నారు. కెమెరా దించమని చెప్పి, అందరం వరండాలోకి వచ్చి గల్లీ వైపు తిరిగి నిలబడ్డాం. లోపల ఫ్యాను తిరుగుతోంది. తర్వాత ఆయన గొంతు మెల్లగా వినిపించింది.

"మళ్లొకసారి జెప్పు." ఆమె ఏదో గుసగుసగా అన్నారు. "సరే," అన్నారాయన.

పిలిస్తే లోపలికి వెళ్లాం. కాగితాన్ని అప్పటికే మడిచి కవర్లో పెట్టారు. జిగురున్న అంచు మీద ఆమె వేళ్లు ఆనించి, ఆమె చేతే అంటింపజేస్తున్నారు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పెట్టినవా?" అని అడిగారామె.

"నువ్వు జెప్పిన కాడనే పెట్టిన."

ఆమె తడుముకుని ఆయన చొక్కా చేయి పట్టుకున్నారు. నేను కవరు సంచిలో వేసి ముడి వేసేదాకా వదల్లేదు.

"మీ అభ్యంతరం రాసుకోమంటారా?" అని చలపతిరావు గారిని అడిగాను.

"వద్దండి," అని ఆయన యాదగిరి గారి దగ్గరికి వెళ్లారు. "ఏమీ అనుకోకండి."

"అనుకునేదేముంది? మీరు అడగాల్సిందే అడిగిన్రు," అన్నారు యాదగిరి గారు.

వ్యాన్ ఉప్పల్ వైపు బయల్దేరింది. రింగ్ రోడ్డు దగ్గర సిగ్నల్ పడినప్పుడు శ్రీకాంత్ ఉండబట్టలేక, "కాక నిజంగ ఆమె జెప్పినట్లే..." అన్నాడు.

"అది మనం అడగకూడదు బాబూ," అన్నారు చలపతిరావు గారు. ఆ తర్వాతి ఇంటికి చేరేలోపే మెషిన్, కాగితం వాదన మళ్లీ మొదలైంది. ఈసారి ఒకరి మాట పూర్తయ్యాక ఇంకొకరు అందుకున్నారు.

మరుసటి ఏడాది సంధ్య తన కూతుర్ని మా బడిలో చేర్చడానికి వచ్చింది. అత్తగారు ఎలా ఉన్నారని అడిగాను.

"మంచిగున్నది మేడం. రోజు పొద్దుగాల మామయ్య పేపర్ సదివి ఇనిపిస్తడు. ఆయన పార్టీని తిట్టిన వార్త గూడ ఇడువకుండ సదువాలె అంటది. సదువుతడు, సదువుకుంట కోపం జేస్తడు." నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "పార్టీవాళ్లు మస్తు అడిగిన్రు, ఎటు పెట్టినవ్ కాకా అని. అది ఆమె ముచ్చట అంటడు. ఇంకో మాట లేదు. ఇంట్ల మాక్కూడ జెప్పలే."

ఎన్నికలు వచ్చినప్పుడల్లా మా స్టాఫ్‌రూమ్‌లో మెషినా, కాగితమా అన్న చర్చ లేస్తుంది. రెండూ చూసినదాన్నని నన్ను అడుగుతారు. ఇటు అడిగేవాళ్ల ప్రశ్నలూ అటు అడిగేవాళ్ల ప్రశ్నలూ అడగవలసినవే అంటాను. అంతకంటే తేల్చి చెప్పే శక్తి నాకు లేదు. ఒక్కటి మాత్రం మారింది. కంపానియన్ చేత సంతకం పెట్టించుకునేటప్పుడు ఇదివరకట్లా తొందరపెట్టను. పెన్ను చేతికిచ్చి ఆగుతాను. ఇంకొకరి ఇష్టాన్ని తన చేత్తో కాగితం మీద పెట్టడానికి కొందరికి కొంత సమయం కావాలి.