సీసాలో మగవి సగమే

పీహెచ్‌డీలో నా పని ఈగలు. అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలు. వాటికి మత్తు పెట్టి, మైక్రోస్కోపు కింద ఆడవి ఇటు, మగవి అటు బ్రష్షుతో జరపాలి. చెయ్యి ఎంత తిరిగిందంటే, ల్యాబ్‌లో నన్ను ‘దాయీ’ అని, అంటే మంత్రసాని అని ఏడిపించేవారు.

ఒక సీసాలో ఆడవాటితో పోలిస్తే మగవి సగమే వచ్చాయి. పొరపాటు పడ్డానేమోనని మళ్లీ చూశాను. పడలేదు. జన్యువులో లోపమున్న మగవి పురుగు దశలోనే చచ్చిపోతున్నాయి. అదే లోపం మోస్తున్న తల్లులూ అక్కచెల్లెళ్లూ మాత్రం హాయిగా ఎగురుతున్నాయి. మంచి ఫలితమని గైడ్ తెగ మురిసిపోయారు. నాకు ఒళ్లు జలదరించింది. అప్పటికి నాకు నాలుగో నెల.

సాయంత్రం కటవారియా సరాయ్‌లో మా అద్దె గది కిందున్న ఎస్టీడీ బూత్ నుంచి అమ్మకు ఫోన్ చేశాను.

“అమ్మా, నాకు ముందు పుట్టి పోయినవాళ్లు ముగ్గురూ మగపిల్లలేనా?”

“కడుపుతో ఉండి ఆ మాటలెందుకే ఇప్పుడు?”

“చెప్పమ్మా.”

“మగపిల్లలేనే.”

“పేర్లేం పెట్టారు?”

“బారసాల దాకా ఎవడు బతికాడని, పేరు పెట్టడానికి?”

జబ్బేమిటో అమ్మకు తెలియదు. ఆసుపత్రి కాగితం ఒక్కటీ లేదు. లోపం అమ్మదైతే నాకూ వచ్చి ఉండొచ్చు. నాకు కొడుకు పుడితే వాడికీ రావొచ్చు. అంతవరకూ ‘పోయినవాళ్లు’గా ఉన్నవాళ్లు ఆ రోజు నుంచి నాకు అన్నయ్యలయ్యారు. సీసా వెలుతురుకు ఎత్తిపట్టినప్పుడల్లా, అందులోంచి రానివాళ్లే కళ్లముందు మెదిలేవారు.

తర్వాతి నెల వసంత్ కుంజ్‌లో స్కానింగ్‌కు వెళ్లాను. పుట్టబోయేది ఆడో మగో చెప్పబోమని గోడ మీద బోర్డు. రెప్పపాటులో ఈగను చూసి చెప్పేదాన్ని, తెర మీద నా బిడ్డ కదులుతుంటే గుడ్లప్పగించి చూశాను. ఏమీ తెలియలేదు. ఉండబట్టలేక అడిగేశాను.

డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది.

“ఇంత చదువుకుని నువ్వు కూడానా? బేటీ హో తో క్యా హువా?”

ఆడపిల్లయితే ఏమైందని గట్టిగానే చీవాట్లు పెట్టింది. బయట కూర్చున్నవాళ్లకూ వినబడే ఉంటుంది. సిగ్గుతో, కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఆడపిల్లే కావాలని అరవాలనిపించింది. అరవలేదు. అరిస్తే, మరి మగపిల్లాడైతే ఏం చేస్తావని ఆవిడ అడుగుతుంది. దానికి నేనేం చెబుతానోనని నాకే భయం వేసింది.