మోటరు కాల్చింది ఆమె కాదు

పోయిన నెల మా ఇంటామె కన్నుమూసింది. కర్ణాటకలోని పావగడ ఆసుపత్రిలో, పొద్దున ఎనిమిదింటికి. రెండు రోజుల జ్వరమే అనుకున్నాం. నాగలమడిక దగ్గరి మా ఊళ్లోనే దహనం చేశాం.

పదకొండో రోజు భోజనాల దగ్గర ఆమె తమ్ముడు అందరినీ కాస్త తేలికపరచాలని పాత మాట ఎత్తాడు. "మా అక్క చెయ్యి పడితే మోటరైనా కాలాల్సిందే." కళ్లు తుడుచుకుంటూనే అందరూ నవ్వారు. నేనూ తల దించుకుని నవ్వాను. ఆ మోటరు కాల్చింది ఆమె కాదు, నేను. ఆ మాట అక్కడ కూడా నోరు దాటలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆమె ఏడో తరగతి దాకా కన్నడంలో చదివింది. మాట తెలుగు, లెక్క కన్నడం. వేరుశనక్కాయను చెవి దగ్గర ఆడించి గింజ ముదిరిందో లేదో చెప్పేది. బావి మోటరు వేసే ముందు కాళ్ల కింద ఎండు గోనెసంచి పరుచుకునేది. వేశాక మోటరు ఒంటి మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడేది. "మిషను గూడా అలిసిపోతాది. చెప్పుకోలేదు, అంతే" అనేది.

నేను బీఎస్సీ. ఊళ్లో కరెంటు సంగతి ఏదైనా నన్నే అడిగేవారు. పెళ్లయిన కొత్తలో ఒక సాయంత్రం బల్బు మసకగా వెలుగుతుంటే ఆమె కారణం అడిగింది. పలక తెచ్చి లెక్క చూపించాను. ఓల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం, గుణిస్తే వాట్లు. నిరోధం మారదనుకుంటే, ఓల్టేజి సగమైనప్పుడు కరెంటూ సగమవుతుంది. సగాన్ని సగంతో గుణిస్తే పావు. "సగం ఇస్తే పావే వెలుగుతాదా? ఇదేం అన్యాయమప్పా!" అని నవ్వింది.

బల్బుకు ఆ లెక్క చాలు. దాన్ని తీసుకెళ్లి మోటరుకు పట్టించాను.

అది వానలు ముఖం చాటేసిన ఏడు. ఇప్పటికి పన్నెండేళ్లు. వేరుశనగ ఊడలు నేలలోకి దిగి కాయ కట్టే సమయం. బావిలో నీళ్లున్నాయి గానీ మధ్యాహ్నం వచ్చే కరెంటుకు బలం లేదు. నాలుగు వందల ఓల్టులు చూపాల్సిన మీటరు మూడు వందలు చూపేది. పావుగంట తిరక్కుండానే స్టార్టరు పడిపోయి మోటరు ఆగేది. కరెంటు హద్దు దాటితే మోటరును ఆపడానికి స్టార్టరులో రిలే ఉంటుంది. ఆ హద్దును ఒక చిన్న ముల్లుతో తొమ్మిది ఆంపియర్ల దగ్గర పెట్టి ఉంచాం. కరెంటు చూపే మీటరు ఎప్పుడో చెడిపోయింది.

కాగితం మీద లెక్క వేశాను. మంచి రోజున నాలుగు వందల ఓల్టులు, మోటరు రేకు మీద రాసిన ఎనిమిది ఆంపియర్లు. భాగిస్తే యాభై ఓములు. ఇప్పుడున్న మూడు వందలను యాభైతో భాగిస్తే ఆరు. ఆరు ఆంపియర్లకు తొమ్మిది దగ్గర పెట్టిన రిలే ఎందుకు పడాలి? రిలే చెడిపోయిందని తేల్చేశాను. ముల్లును పన్నెండుకు తిప్పి, "నొక్కు" అన్నాను.

ఆమె నొక్కలేదు. "ఊరికే పడదు అది. చెయ్యి పెట్టి చూడయ్యా, పెనం మాదిరి ఉండాది."

"ఓల్టేజి తగ్గింది మే. కరెంటూ తగ్గింటాది. వేడి యాడనుంచి వస్తాది?"

"యాడనుంచో నాకేం తెలుసు? వచ్చిండాది గదా!"

"బీఎస్సీ చదివింది నువ్వా, నేనా? నొక్కు."

నొక్కింది. ఇరవై నిమిషాలకు వార్నిష్ కాలిన వాసన, తర్వాత పొగ. ఆమే ఆపింది. పొగ చూసి మా నాయన చేలోనుంచి పరుగున వస్తున్నాడు. ఆయన వచ్చేలోగా ముల్లును మళ్లీ తొమ్మిదికి తిప్పేశాను. ఆమె చూసింది.

"ఎవురేసినారు?" అన్నాడు నాయన.

"ఆమే నొక్కింది" అన్నాను.

మాట నిజమే. అబద్ధమాడి ఉన్నా ఇంత సిగ్గు ఉండేది కాదు. ఆమె నా వైపు ఒక్కసారి చూసి, గోనెసంచి మడిచి పక్కన పెట్టింది.

పావగడలో వైండింగ్ కట్టే అతను మోటరు విప్పి, నల్లబడిన రాగి తీగ నా ముందు పెట్టాడు. నా లెక్క విని నవ్వాడు. "మోటరంటే బల్బు కాదు సార్. ఓల్టేజి తగ్గిందని నీళ్ల బరువు తగ్గుతాదా? అదే బరువు ఎత్తాలంటే కరెంటు ఎక్కువ గుంజుతాది. పదకొండైనా గుంజింటాది." ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు, పదకొండు పదకొండ్లు నూట ఇరవై ఒకటి. తీగలో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే దాదాపు రెండింతలు. ఆ సూత్రమూ నేను చదివిందే. ఆమె చెయ్యి పెట్టి చూడమంది. నేను చెయ్యి పెట్టలేదు.

మోటరు తిరిగొచ్చేసరికి సగం చేను మాడిపోయింది. ఊరు ఊరుకుంటుందా? "ఏం వదినా, మా పొయ్యి మీద ఒక చెయ్యి పెట్టిపోరాదా, కట్టెలు మిగుల్తాయి" అనేవాడు పక్క చేనతను. "నీ బుర్ర మీద పెడతా రాప్పా, అదైనా పనిచేస్తాది" అనేది. ఒక్కసారి కూడా నా వైపు వేలు చూపలేదు. నేనే చెబుతానని ఎదురుచూసిందేమో. వైండింగ్ అతను చెప్పింది కూడా నేను ఇంట్లో చెప్పలేదు. నాయన ఆమె తప్పేనని నమ్ముతూనే కన్నుమూశాడు.

ఆ తర్వాత ఆమె స్టార్టరు ముట్టలేదు. నేనూ ముట్టమనలేదు. కరెంటు వస్తే, చేను ఆ చివరనున్న నన్ను కేకేసి పిలిచేది. నేను వచ్చేసరికి మోటరు గది తలుపు బయట, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని నిలబడి ఉండేది. లోపల నీడ ఉండేది. ఆమె ఎండలోనే ఉండేది.