తలుపు తీసే మాట

ఆ కుట్టు ఫ్యాక్టరీలో ఆమెను అందరూ కాలరమ్మ అంటారు. చొక్కాకి చేతులు అతికేవారు వేరు, గుండీలు కుట్టేవారు వేరు. మెడ మాత్రం ఆమె సొత్తు. లోకంలో ఎంతమంది పెద్దమనుషులు ఆమె దయవల్ల తలెత్తుకు తిరుగుతున్నారో పాపం వారికే తెలియదు.

ఫ్యాక్టరీ లోపలికి ఫోన్లు రానివ్వరు. గేటు దగ్గర అట్టపెట్టెలో పడేసి వెళ్ళాలి. అందుకని కాలరమ్మ వాచ్‌మన్ తాతతో ఒక ఒప్పందం చేసుకుంది. రెండో తరగతి చదివే కూతురు బడినుంచి ఇంటికి చేరి, లోపల గడియ పెట్టుకుని, ఇంట్లో ఉన్న పాత ఫోన్లోంచి తాతకి ఒక మిస్డ్ కాల్ ఇస్తుంది. తాత కిటికీ ముందుకొచ్చి టోపీ తీస్తాడు. కాలరమ్మ తన మిషను మీదనుంచే ఆ బట్టతలను దర్శించుకుని ఊపిరి పీల్చుకుంటుంది. ఇంత భక్తికి నోచుకున్న బట్టతల భూప్రపంచంలో మరొకటి ఉండదు.

ఆ రోజు టోపీ కదల్లేదు.

పిల్ల దారిలో ఏ కుక్కపిల్లతోనో కబుర్లాడుతోందనుకుంది మొదట. ఫోన్లో చార్జింగ్ అయిపోయిందేమో అనుకుంది. ఆ తరవాత అనుకున్నవాటిని పైకి అనుకోవడానికి ధైర్యం చాలలేదు. చేతులు మాత్రం కుడుతూనే ఉన్నాయి.

పక్క మిషను వదిన వంగి చూసింది. "ఏమ్మోయ్, కాలరు వెనకాముందయింది. ఇది తొడుక్కున్నోడు వీపుకేసి చూస్తూ నడవాలి."

కాలరమ్మ నవ్వలేదు. లేచి సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళింది.

"సార్, ఇంటికెళ్ళాలి. పిల్ల చేరినట్టు కబురు రాలేదు."

"చేరే ఉంటుందిలేమ్మా. నువ్వు లేస్తే లైనంతా ఆగిపోద్ది. మెడల్లేని చొక్కాలు పంపమంటావా?"

"పంపండి సార్" అని, మెడలో వేలాడే కత్తెరైనా తీయకుండా పరిగెత్తింది.

గేటు దగ్గర తాత ఫోనును రెండు చేతులా పట్టుకుని దానికేసే చూస్తున్నాడు. "రాలేదు తల్లీ" అన్నాడు, తప్పంతా తనదే అయినట్టు.

దారిపొడుగునా కనిపించిన ప్రతి నీలం స్కూలు సంచీ తన పిల్లదే అయింది. దగ్గరికి వెళ్ళగానే కాకుండా పోయింది. మెట్లెక్కేసరికి తలుపు లోపల గడియ వేసి ఉంది. కొట్టింది. పిలిచింది. ఉలుకూ పలుకూ లేదు. ఎవరు తలుపు కొట్టినా ఊపిరి చప్పుడు కూడా బయటికి రాకూడదని నేర్పింది తనే. పిల్ల ఆ పాఠాన్ని ఎంత చక్కగా వంటపట్టించుకుందంటే, పంతులమ్మ ప్రాణం మీదికి వచ్చింది.

ఎదురింటి పిన్నిగారు బయటికొచ్చారు. "ఇందాక ఎవడో మీ తలుపు కొట్టాడే. మీ అమ్మ పంపింది, తియ్యి పాపా, అన్నాడు. నిజమే కాబోలనుకున్నా."

"నేనెవర్నీ పంపలేదు పిన్నిగారూ."

ఇద్దరూ తలుపుకేసి చూశారు. అప్పుడు తలుపు కింది సందులోంచి సన్నటి గొంతు వచ్చింది.

"మాట చెప్పు."

పిల్ల ఉంది. బతికే ఉంది. ఇక కావలసింది ఆ మాటే. గుర్తుమాట చెప్పనిదే, లారీ తోలుకుంటూ ఊళ్ళు తిరిగొచ్చిన నాన్నకైనా తలుపు తియ్యకూడదని ఇంటి శాసనం. ఆ మాట పొద్దున్నే హడావుడిలో మార్చారు; కొత్తదేమిటో ఆమెకు గుర్తు రావడం లేదు.

"గుమ్మడికాయ!"

"అది పాతది."

"రైలుబండి... ఐసుముక్క..."

పిన్నిగారు తట్టుకోలేకపోయారు. "వాళ్ళమ్మ గొంతు కూడా తెలీదుటే? తియ్యవే!"

"అమ్మలాగే మాట్లాడతారని అమ్మే చెప్పింది."

కాలరమ్మకు ఏడుపొచ్చేసింది. ఆ ఏడుపుకి లోపల గడియ కిర్రుమంది. వెంటనే ఆమె గొళ్ళెం రెండు చేతులా పట్టుకుని తలుపును తనవైపు లాగిపట్టింది.

"తియ్యకు! ఏడ్చినా తియ్యకు! ఏడవడం ఎవడికైనా వచ్చు!"

"నీకు పిచ్చిగానీ పట్టలేదుకదా?" అన్నారు పిన్నిగారు.

గడియ మళ్ళీ పడింది. కాలరమ్మ ముక్కు చీది రుమాలు చూసుకుంది. దానిమీద నల్లటి చారలు. పొద్దున జడ వేస్తుంటే పిల్ల స్కెచ్‌పెన్నుతో మూతికి గీతలు గీసుకుంది. తిడుతూ ఈ రుమాలుతోనే తుడిచింది. కొత్త మాట అప్పుడే పుట్టింది.

"పిల్లిమీసం!" వీధి చివరిదాకా వినబడేలా అరిచింది.

తలుపు తెరుచుకుంది. పిల్ల ఒళ్ళంతా దుమ్ము.

"వాడు ఎంతసేపు కొట్టాడో అమ్మా. ఫోను నొక్కితే కీ కీ మంటుందని మంచం కింద దాక్కున్నా."

కాలరమ్మ గడియ వేసి, లాగి చూసి, మళ్ళీ లాగి చూసింది. పిల్లను ఒళ్ళో కూచోబెట్టుకుని జుట్టులోని దుమ్ము దులిపింది. రేపు ఫ్యాక్టరీలో మెడల్లేని చొక్కాలు గుట్టలుగా ఉంటాయి. పిల్ల మళ్ళీ ఒంటరిగానే వస్తుంది.

"అమ్మా, నువ్వు అరిచింది అందరూ వినేశారు. వేరే మాట కావాలి."

ఆమె కిటికీ మూసి, పిల్ల చెవిదగ్గర పెదవులు కదిలించింది.

"వినపళ్ళేదు."

కాలరమ్మ ఒకసారి తలుపుకేసి చూసి, ఇంకా మెల్లగా చెప్పింది.