దారం లేని కుట్టు

బట్టలు కుట్టే మా పిన్ని రోజూ పొద్దున్నే సూదిలోంచి దారం తీసేసి, కాసేపు మిషను ఉత్తినే తొక్కుతుంది. సరిహద్దులో ఉన్న బాబాయి ఫోను కలవనప్పుడు ఆమె గుండెదడకు అదే మందు. ఆ చప్పుడులో ఏదో రైలు ఆయన్ని మెల్లగా ఇంటికి తెస్తున్నట్టు ఉంటుందట.

ఫోను రాని తొమ్మిదో రోజున, ఆ రైలు ధ్యాసలోనే పిన్ని పక్కింటావిడ దిండు గలీబు మొత్తం దారం లేకుండా కుట్టేసింది. ఆవిడ చేతిలోకి తీసుకోగానే అది రెండు ముక్కలుగా విడిపోయింది.

"ఏంటి వదినా, దారం కూడా నేనే తెచ్చుకోవాలా?"

పిన్ని నవ్వబోయి ఏడ్చేసింది. "భయమేస్తోంది వదినా" అని పెళ్లయిన ఇరవై ఏళ్లలో మొదటిసారి పైకి అంది.

ఆవిడ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "తొక్కు, నేనూ వింటా."

పన్నెండో రోజున ఫోను వచ్చింది. బాబాయి ఇప్పటికీ సరిహద్దులోనే ఉన్నాడు. పొద్దున్నే మిషను పక్కన ఇద్దరు కూర్చుంటున్నారు.