తొమ్మిదిమంది జామీనుదార్లు

ఐరాలలో మా ఆవు ఈని లేవలేకపోయిన పొద్దున, మందుల కోసం ఫోన్లో ఒక అప్పుల యాప్‌లో అప్పు తీసుకున్నాను. అయిదు వేలు అడిగితే మూడు వేలే పడ్డాయి. మిగతావి ఏవో ఫీజులట. 'అనుమతించు' అని వచ్చిన చోటల్లా చదవకుండా ఒత్తేశాను. ఆవు లేచి నిలబడింది. నేనే పడ్డాను.

వారం తిరక్కముందే ఆ యాప్ వాళ్లు ఆరు వేలు కట్టమన్నారు. నా దగ్గర లేవు. మర్నాడు నా ఫోన్లో ఉన్న నంబర్లన్నింటికీ నా ఫోటో పోయింది, కింద 'దొంగ' అని. ఆ నంబర్లలో మా పొదుపు సంఘం వాళ్లవీ ఉన్నాయి. పదిమందిమి. బ్యాంకు అప్పు కలిసి తీసుకుంటాం, ఒకరు కట్టలేకపోతే మిగతావాళ్లు కడతారు. సంఘంలోంచి తీసేస్తారని భయపడి రెండు వారాలు సమావేశానికి పోలేదు. పాలకేంద్రంలో పాలు పోసి తల దించుకుని వచ్చేసేదాన్ని.

చివరికి సంఘం లీడరక్కే వచ్చి నన్ను సమావేశానికి లాక్కుపోయింది. "యాడ దాక్కోనుండావే? నీ అప్పు నేను ఎప్పుడో కట్టేసినాను" అంది అందరి ముందూ.

"నువ్వు కట్టేదేంది? కట్టింది నేను గదా!" అంది పక్కనామె.

"నేనూ కట్టినానే" అంది ఇంకొకామె.

తొమ్మిదిమందీ తలా ఆరు వేలు కట్టారు! యాప్ వాడు ఒక్కొక్కరికీ విడివిడిగా ఫోన్ చేసి, "జామీను నువ్వే" అన్నాడట. నా పరువు పోతుందని ఎవరూ ఇంకొకరికి చెప్పలేదు. ఒకామె కమ్మలు కుదువబెట్టింది. మూడు వేలకు యాభై నాలుగు వేలు!

అందరం కలిసి చిత్తూరు పోయి పోలీసులకు చెప్పుకున్నాం. అక్కడి ఎస్సైయమ్మ వింటూ రాసుకుంది.

"ఫోన్లో నంబర్లు తీసుకునే హక్కే వాళ్లకు లేదమ్మా. ఎంత కోసుకుంటారో అప్పిచ్చే ముందే రాసి చూపించాల. ఇట్లా బెదిరించడం నేరం. మీలో ఎవరన్నా జామీను సంతకం పెట్టినారా?"

"లేదు."

"మరెందుకు కట్టినారు?"

మాలో పెద్దామె కొంగు సర్దుకుంది. "దాని ఫోన్లో మా నంబర్లుండాయి గదమ్మా. మేం గాక ఎవరు కడతారు?"

ఎస్సైయమ్మ రాసుకోవడం ఆపి నావైపు చూసింది. వాళ్ల నంబర్లు తీసుకోమని 'అనుమతించు' ఒత్తింది నేనేనని ఆమెకు చెప్పాను.