ఇంట్లో కూడా మాస్కే

నా చిన్నప్పుడు అని నేను మొదలుపెడితే చాలు, మా ఇంట్లో నవ్వులు. ఇంటర్ రెండో సంవత్సరం చదివే పిల్లకి అప్పుడే చిన్నప్పుడేమిటే అని నాన్నమ్మ వెక్కిరిస్తుంది. మా తమ్ముడికి మాత్రం నేను పాతకాలం మనిషినే. వాడు ఒకటో తరగతి. కరోనా అంటే వాడి లెక్కలో రాజుల కాలం నాటి సంగతి. మొన్న బీరువా అడుగు అరలో జాకెట్టు ముక్కలతో కుట్టిన మాస్కులు కనబడితే, ఇవేం బొమ్మల బట్టలని అడిగాడు. వాడికి సగం కథే చెప్పాను. మొత్తం కథ ఇది.

మాది పెదపాడు దగ్గర ఊరు. కాస్త వరి పొలం, ఒక చేపల చెరువు. లాక్‌డౌన్ పెట్టేనాటికి నాన్న పనిమీద వెళ్ళి భీమవరంలో ఇరుక్కుపోయారు. అత్తయ్యని చూడ్డానికి వెళ్ళిన నాన్నమ్మ తాడేపల్లిగూడెంలో ఉండిపోయింది. ఇంట్లో మిగిలింది తాతయ్య, అమ్మ, నేను. అమ్మ కడుపులో తమ్ముడున్నాడు.

మా అమ్మకి మొదటినుంచీ అనుమానం మనిషని పేరు. పాలవాడు పాలు పోస్తుంటే గిన్నె కాకుండా అతని ముఖం చూసేది. కూరలాయన తూకం వేస్తుంటే అతని వేళ్ళ మీదే ఆవిడ కళ్ళు. అలాంటి మనిషికి కరోనా తోడైంది, పైగా వేవిళ్ళు. న్యూస్‌పేపరు ఎండలో పడి కరకరలాడాక గానీ లోపలికి వచ్చేది కాదు. వీధిలో ఎవరైనా తుమ్మితే మా తలుపులు మూసుకునేవి. నాకూ ఆ గుణం కొద్దిగా ఉంది కాబట్టి, ఆ రోజుల్లో మా ఇద్దరికీ చేతినిండా పని.

తాతయ్యతోనే గొడవంతా. ఆయన మాస్కు ఎప్పుడూ గడ్డం కిందే ఉండేది. పెట్టుకోండి మావయ్యగారండీ అని అమ్మ బతిమాలితే, చేపలకి నా ముఖం తెలియొద్దా అమ్మా అని పెద్దగా నవ్వేవారు. ఆయన నవ్వితే పక్కింటివాళ్ళకి వినబడేది. అలాంటి తాతయ్య ఒక మధ్యాహ్నం చెరువు దగ్గర్నుంచి కళ్ళకింద దాకా మాస్కు లాక్కుని వచ్చారు. ఇంట్లోకి వచ్చినా తియ్యలేదు. అంతకుముందు రోజే చేపలు ఎత్తడానికి పై రాష్ట్రం లారీ వచ్చి వెళ్ళింది. అమ్మ నావైపు చూసింది. నేను అమ్మవైపు చూశాను.

ఇక అక్కణ్ణుంచి మేం చూసినవన్నీ చెడుగానే కనబడ్డాయి. సాయంత్రం టీలోకి జంతికలు పెడితే ముట్టలేదు. రుచి పోయిందన్నమాట అనుకున్నాం. అన్నం పళ్ళెం తన గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసుకున్నారు. నీరసమన్నమాట. మాట మారిపోయింది, మాటతోపాటు గాలి వస్తోంది. గొంతు పట్టేసిందన్నమాట. ఆయన మంచం పక్క గూట్లో ఒక స్టీలు గ్లాసు నీళ్ళతో ఉండేది. అది మందు గ్లాసని, ముట్టుకోకూడదని నాకు చిన్నప్పట్నుంచీ చెప్పారు. ఆ గ్లాసు కూడా ఇప్పుడు కడిగి బోర్లించి ఉంది. మందులు కూడా మానేశారంటే ఇంక ఆశ లేదనే అనుకున్నాను.

అమ్మ నాన్నకి ఫోన్ చేసింది. నాన్న చెబితే ఏఎన్ఎం అక్క టెస్టు చెయ్యడానికి వచ్చింది. గొంతులోంచి శాంపిలు తీయాలి, ఒక్కసారి నోరు తెరవండి తాతగారూ అంది. తాతయ్య రెండు చేతులూ మాస్కు మీద పెట్టుకుని గోడకి తిరిగిపోయారు. ఎంత చెప్పినా వినలేదు. ఆ అక్క విసుక్కుని వెళ్ళిపోయింది. గుమ్మంలో నిలబడిపోయిన అమ్మ చెయ్యి పొట్టమీదే ఉంది. భయపడిందని నాకు తెలిసింది.

అది తాతయ్యకీ తెలిసినట్టుంది. కాసేపటికి చాప, టార్చిలైటు, రెండు లుంగీలు మూట కట్టుకుని వరండాలోకి వచ్చారు.

“నేను చెరువు గట్టు మీద పాకలో ఉంటానమ్మా. నీకు భయం ఉండదు. గట్టుదాకా కేరేజీ పంపితే చాలు.”

ఆ పాకకి తలుపు లేదు. గట్టంతా పాములు. చేపలకి కాపలా కాసే కుర్రాళ్ళే అక్కడ మంచం దిగాలంటే కర్రతో నేల కొట్టి దిగేవాళ్ళు. ఈ వయసులో తాతయ్య ఒక్కరూ అక్కడ ఎలా ఉంటారని నాకు ఏడుపొచ్చేసింది. ఉండమంటే కడుపులో బిడ్డ, వెళ్ళమంటే ఈయన. అత్తయ్యగారికి ఒక్కమాట చెప్పనివ్వండని, అమ్మ నాన్నమ్మకి ఫోన్ చేస్తూ పెరట్లోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళి నూతి గట్టు దగ్గర నిలబడ్డాను.

అమ్మ అంతా చెప్పింది. జంతికలు, గ్లాసు, గోడకి తిరిగిపోవడం, ఏదీ వదల్లేదు. తర్వాత వింటూ ఉంది. ఉన్నట్టుండి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నాకు వీపు తిప్పి, భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. అయిపోయింది, తాతయ్య ఇంక బతకరు అనుకున్నాను.

కళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చిన అమ్మ తిన్నగా వరండాలోకి వెళ్ళింది.

“మావయ్యగారండీ, మీరెక్కడికీ వెళ్ళక్కర్లేదండీ. ఇంట్లో కూడా మాస్కు పెట్టుకోవాలని టీవీలో చెప్పారంటండీ. ఇవాళ్టినుంచి మనం అందరం పెట్టుకుందామండీ. అన్నాలు కూడా ఎవరి గదిలో వాళ్ళేనండీ.”

తాతయ్య మూట కిందికి దించారు. విప్పి, చాప మళ్ళీ మూల పెట్టేశారు.

ఆ సాయంత్రమే అమ్మ పాత జాకెట్టు ముక్కలు తీసి మిషను తొక్కింది. ఇంట్లో మాస్కు. హాల్లో మాస్కు, టీవీ ముందు మాస్కు. ఎండాకాలం, పైగా కరెంటు పోయేది. నేను రోజూ దెబ్బలాడేదాన్ని. వంటలూ మారిపోయాయి. ముద్దపప్పు, మెత్తటి మజ్జిగన్నం, పాలుపోసిన ఆనపకాయ కూర. చేపల పులుసు పెడితే ముళ్ళు ఏరేసి, ముద్దచేసి మరీ పంపేది. అడిగితే ఒంట్లో బలానికి అనేది. నాకు అనుమానం అమ్మమీదికి మళ్ళింది. ఆ టీవీ నేనూ చూశాను, ఇంట్లో కూడా పెట్టుకోమని నాకెక్కడా వినబడలేదు. రోగం తాతయ్యది కాదు, అమ్మదేనని, మాకు చెప్పడంలేదని తేల్చుకున్నాను. అమ్మ పడుకుంటే మెల్లగా వెళ్ళి నుదురు ముట్టుకుని చూసేదాన్ని. చల్లగానే ఉండేది. పక్కింటి అత్తగారైతే గోడమీంచే, ఈ కోడలుపిల్లకి అనుమానం ముదిరి పిచ్చిలోకి దిగిందమ్మా అనేసింది. అమ్మ విని, మాస్కు సర్దుకుని పనిలో పడింది.

బస్సులు తిరగ్గానే నాన్నమ్మ వచ్చింది. మర్నాడు పొద్దున్నే తాతయ్యని వెంటబెట్టుకుని ఏలూరు వెళ్ళింది. అలా మరో రెండుసార్లు వెళ్ళొచ్చారు. చివరిసారి తాతయ్య గేటు దగ్గరే మాస్కు గడ్డం కిందికి లాగేసి, నన్ను చూసి నవ్వారు. వీధి చివరిదాకా వినబడే ఆ పాత నవ్వే. ముందుపళ్ళు మాత్రం మునుపటికన్నా తెల్లగా మెరిశాయి. అమ్మ ఆ నవ్వు విని వంటింట్లోంచి వచ్చింది. తన మాస్కు కూడా తీసేసి, ఇంక ఇంట్లో అక్కర్లేదంటలే అంది. ఆ రాత్రి తాతయ్య గూట్లో గ్లాసు మళ్ళీ నీళ్ళతో ఉంది.

అప్పుడు నాన్నమ్మని పట్టుకున్నాను. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని గానీ చెప్పలేదు. తాతయ్యవి ముందు నాలుగూ కట్టుడు పళ్ళట. నాన్నకి కూడా తెలియదట. ఆ రోజు చెరువు గట్టున నోరు పుక్కిలించి ఉమ్మితే నీళ్ళతోపాటు సెట్టు కూడా చెరువులోకి పోయింది. బోసినోటితో కోడలి ముందు ఎలా తిరగాలని ఆ పెద్దమనిషి పాములపాకకి బయల్దేరాడు. ఏ బొచ్చె చేప పెట్టుకుని పెళ్ళికి వెళ్ళిందో మరి అని నాన్నమ్మ పడీపడీ నవ్వింది. ఫోన్లో అమ్మకి చెప్పిందీ అదే. పెరట్లో అమ్మ ఏడవలేదు.

కోడలికి తెలుసని తాతయ్యకి ఇవాళ్టికీ తెలియదు.

మొన్న తమ్ముడు ఆ మాస్కులు హాల్లోకి పట్టుకొచ్చి, ఇంట్లో కూడా పెట్టుకున్నారా అని ఆశ్చర్యపోయాడు. తాతయ్య జంతిక కొరుకుతూ, “మీ అమ్మకి అప్పట్లో అనుమానం జాస్తిరా” అని నవ్వారు.

“అవునండీ మావయ్యగారండీ, ఉత్త పిరికిదాన్ని కదండీ” అంది అమ్మ, బట్టలు మడతపెడుతూనే.

తమ్ముడు నావైపు తిరిగి, నిజమేనా అక్కా అన్నాడు.

నాకు ఇప్పటికీ అందరిమీదా అనుమానమే. నోరు విప్పని మనిషి కనబడితే ఏం దాస్తున్నారోనని వెంటనే మనసు పరిగెడుతుంది. అది అమ్మ పోలిక, ఎక్కడికీ పోదు. కాకపోతే ఆ వేసవి తర్వాత, దాచినది బయటికి లాగాలని మాత్రం అనిపించదు. పక్కన కూర్చుని, నేనూ నోరు కట్టుకుందామా అనిపిస్తుంది.

“నిజమేరా,” అన్నాను, వాడి చేతిలోంచి ఒక మాస్కు తీసుకుని నా నోటికి అడ్డం పెట్టుకుంటూ. “అమ్మకి ఉత్తపుణ్యానికి అనుమానం.”

మడతపెడుతున్న చొక్కా చేతిలో అలాగే ఉండిపోయింది, అమ్మ తలెత్తి నావైపు చూసింది. నాకు తెలుసని ఆవిడకి తెలిసింది అప్పుడే.