సన్న తీగలు బిగించకుండా వదిలేసిన భూషణానికి

నిన్న పొద్దున మా క్లాస్‌మేట్స్ గ్రూపు తెరిస్తే భూషణం ఫోటో. చుట్టూ పూలదండ.

నేనేం చేశానో తెలుసా? గొడవ పెట్టుకున్నాను.

"కన్ఫర్మ్ చేసుకోకుండా ఇలాంటివి పెట్టడానికి సిగ్గులేదా" అని వరసగా మూడు మెసేజ్‌లు కొట్టాను. నాలుగోది టైప్ చేస్తుంటే వాడి భార్య విమల నుంచి ఫోన్.

"అన్నయ్యా, నిజమే."

గుండె ఆగిపోయిందట. ఆస్పత్రికి తీసుకెళ్ళే టైమ్ కూడా ఇవ్వలేదట.

తిరువూరులో మైకు పట్టుకుని మాట్లాడిన ప్రతివాడికీ భూషణం తెలుసు. పెళ్ళి, ప్రార్థన, తిరునాళ్ళు, ధర్నా... ఏదైనా హారన్లు కట్టేది వాడే. ఎ.కొండూరు, విస్సన్నపేట దాకా వాడి మైక్‌సెట్టే.

ముప్ఫై ఏళ్ళు ఆ హారన్ల పక్కన నిలబడి నిలబడి, వాడి చెవులు సన్నటి శబ్దాలు వినడం మానేశాయి.

అలాంటి చెవులున్నవాడికి పన్నెండు తీగల ఎలక్ట్రిక్ గిటార్ మీద మోజు!

మామూలు గిటార్‌కి ఆరు తీగలు. దీనికి ఆరు జతలు. "పాత పాటల్లో వెనకాల ఎక్కడో గాజులు కదిలినట్టు మోగుద్ది చూడు, అదేరా" అని టెన్త్ క్లాస్ నుంచీ చెప్పేవాడు. పేరున్న కంపెనీది కొనే స్తోమత వాడికి ఎప్పుడూ లేదు. పోయినేడాది ఆన్‌లైన్‌లో చవకది ఒకటి కనిపించింది. వెంటనే ఆర్డర్ పెట్టేశాడు.

డబ్బా విప్పినప్పుడు నేనూ ఉన్నాను. నాలుగు జతల్లో ఒక తీగ లావు, ఒక తీగ సన్నం.

నాకు మండింది.

"చూశావా మోసం? చవగ్గా ఇచ్చినట్టే ఇచ్చి సన్న తీగలు అంటగట్టారు. జత అన్నాక రెండూ సమానంగా ఉండాలా వద్దా?"

అక్కడే కూర్చుని ఒక్క స్టార్ ఇచ్చి పేజీడు రివ్యూ రాశాను. వినియోగదారుడి హక్కులు, కార్పొరేట్ దోపిడీ, ఏదీ వదల్లేదు.

భూషణం నా మాట నమ్మాడు. అది వాడికి చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. విజయవాడ నుంచి మామూలు గిటార్ తీగలు రెండు సెట్లు తెప్పించి, సన్నవి పీకేసి, జతకి జత సమానంగా బిగించాడు.

వారం తిరక్కుండా ఆ లాగుడుకి గిటార్ మెడ వంగింది. మోగిస్తే అచ్చం జనరేటర్.

తర్వాత వీడియోలు చూసి తెలుసుకున్నాడు. లావు తీగ పలికే స్వరాన్నే సన్న తీగ పై స్థాయిలో పలుకుతుందట. గాజుల చప్పుడంతా దానిదేనట.

"ఒరేయ్ కామ్రేడూ, నీ సమానత్వం నా గిటార్ మెడ వంచేసిందిరా! ముందు ఆ రివ్యూ తీసెయ్. పాపం వాళ్ళదేం తప్పు?"

తీయలేదు. తప్పు ఒప్పుకోవడం నాకు రాదు.

గిటార్‌ని వాడే బాగుచేసుకున్నాడు. మెడ లోపలి ఇనుప కడ్డీ తిప్పి తిన్నగా చేశాడు. తీగలు బిగించే కీలు పన్నెండూ మార్చాడు. తీగల మోతని పట్టి స్పీకర్‌కి పంపే పాత పికప్ తీసి మంచిది వేసి, సోల్డరింగ్ కూడా తనే చేసుకున్నాడు. జుయ్యిమనే మోత పోవడానికి కర్రీ పాయింట్‌లో అడిగి తెచ్చిన సిల్వర్ ఫాయిల్ లోపలంతా అంటించాడు. మోత నిజంగానే పోయింది!

ఒక్కటే వాడి వల్ల కాలేదు. సన్న తీగల శ్రుతి.

అందుకని ప్రతి ఆదివారం సాయంత్రం వాడి మైక్‌సెట్ షాపులో నా డ్యూటీ. వాడు మీటుతూ కీ తిప్పుతాడు. నేను కళ్ళు మూసుకుని చెప్తాను. "ఎక్కించు... ఇంకొంచెం... చాలు."

"నిజంగా చాలా? మీ మీటింగ్ అనుకుని ఒప్పించేస్తున్నావా?"

"ఫోన్‌లో యాప్ ఉందిగా, దాన్ని అడుగు."

"యాప్ పచ్చ లైటు వేసి ఊరుకుంటదిరా. నాకు మనిషి చెప్పాలి."

ఐదు నెలల కింద ఒక నాయకుడి పుట్టినరోజుకి మైక్‌సెట్ కట్టి, స్టేజీ ఎక్కి ఆ గిటార్ వాయించాడు. నేను ఊరుకుంటానా? "కళని అమ్ముకునేవాళ్ళు" అని ఇదే ఫేస్‌బుక్ వాల్ మీద రాశాను. పేరు రాయలేదు. అక్కర్లేకపోయింది.

మొదటి లైక్ వాడిదే. "బాగా రాశావురా" అని కామెంట్ కూడా.

ఆ తర్వాత నేను షాపుకి వెళ్ళలేదు.

పోయిన నెల మెసేజ్ పెట్టాడు. "సన్న తీగలు కొత్తవి వచ్చాయి. ఎప్పుడొస్తావ్?"

చూశాను. జవాబివ్వలేదు. వాడే ముందు తప్పు ఒప్పుకోవాలని కూర్చున్నాను.

ఇప్పుడు గ్రూపులో అందరూ "గొప్ప సౌండ్ ఆర్టిస్ట్" అంటున్నారు. ఆ చెవుల్ని తిన్నదెవరు? "సౌండ్ పెంచు భూషణం" అని అరిచిన మనమే. దేవుడి పేరుతో అరిచేవాళ్ళని ఈ వాల్ మీద ఎన్నిసార్లు తిట్టానో మీకు తెలుసు. కార్మికుల ఆరోగ్య భద్రత మీద ఉపన్యాసమిస్తూ, మధ్యలో ఆపి, "ఇంకా పెంచరా" అని వాడికి చెయ్యి ఊపింది మాత్రం నేను.

నిన్న అంతా అయిపోయాక విమల షాపు తెరిచి గిటార్ చూపించింది. ఎనిమిది తీగలు బిగించి ఉన్నాయి. సన్నవి నాలుగూ ఒక్కొక్క చుట్టు చుట్టి వదిలేసి ఉన్నాయి, వేలాడుతూ.

"ఎందుకమ్మా ఇలా వదిలేశాడు?"

"మీరొచ్చి చెప్పాలంట అన్నయ్యా. ఆదివారం వస్తే చాలు, మీ కుర్చీ తుడిచిపెట్టుకుని కూర్చునేవాడు."

ఐదు నెలల ఆదివారాలు.

ఆ కుర్చీలోనే కాసేపు కూర్చున్నాను. కీ నేనే తిప్పుకోవచ్చు, నేనే వినొచ్చు. "నిజంగా చాలా?" అని అడిగేవాడు లేడు. ముట్టుకోకుండానే వచ్చేశాను.

ఈ ఊళ్ళో నాతో వాదించడానికి వందమంది ఉన్నారు. నేను తప్పని చెప్పి నవ్వడానికి ఒక్కడే ఉండేవాడు.

ఇవాళ పొద్దున ఆ రివ్యూ తీసేశాను భూషణం. తప్పు వాళ్ళది కాదు.

నీదీ కాదు.

స్వర్గం మీద నాకు నమ్మకం లేదని నీకు తెలుసు. ఎక్కడ ఉన్నా హారన్లు లేని చోట ఉండు.

ఇంక నిన్నెవరూ సౌండ్ పెంచమనరు. ప్రశాంతంగా పడుకోరా.